వీధికి కనిపించే ఇల్లు: తెలుగు ప్రాంతాల్లో గృహ బాహ్య నిర్మాణ చరిత్ర

ప్రస్తావన

కట్టడాల చరిత్ర అనగానే మనకు కోటలు, గోపురాలు, స్తూపాలు గుర్తుకు వస్తాయి. గత పాఠాల్లో మీరు చదివినవి కూడా చాలావరకు అవే. అయితే జనంలో అత్యధికులు జీవితమంతా గడిపింది ఇళ్ళలో. వాటిని కట్టినవారి పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. మట్టి, కర్ర, ఆకు వంటి పదార్థాలతో కట్టినవి కాబట్టి రెండు మూడు తరాలకు మించి నిలవవు. అందువల్ల సామాన్యుల ఇంటి చరిత్ర రాయడానికి ఆధారాలు లేవని చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఆధారాలు వీధిలోనే ఉన్నాయి. అరుగు ఎత్తు, చూరు పొడవు, కప్పు వాలు, గోడ మందం, గడప ముందు మెట్ల సంఖ్య ఒక్కొక్కటీ ఏదో ఒక ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే. ఈ పాఠంలో ఇంటి లోపలి గదులను పక్కన పెట్టి, వీధిలో నిలబడిన మనిషికి కనిపించే భాగాలను మాత్రమే పరిశీలిద్దాం.

మొదటే ఒక హెచ్చరిక అవసరం. 'తెలుగు వారి ఇల్లు' అనగానే సినిమాల్లోనూ పత్రికల్లోనూ మండువా లోగిలి బొమ్మ వేస్తారు. మండువా లోగిలి గొప్ప నిర్మాణమే. కాని అది భూమి ఉన్న కొద్ది కుటుంబాల ఇల్లు. ఆ లోగిలి గోడలు మెత్తిన కూలీ, పెంకు చేసిన కుమ్మరి, ధాన్యం మోసిన పాలేరు అందులో ఉండలేదు. వారి పూరిళ్ళను, మట్టిమిద్దెలను వదిలేస్తే మనం రాసేది ఇళ్ళ చరిత్ర కాదు, ఆస్తుల చరిత్ర.

రాతిలో నిలిచిన పూరిల్లు

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి కొండమీద గుండ్రంగా తొలిచిన ఒక చైత్యగుహ ఉంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది ప్రాంతానిదని పండితుల అభిప్రాయం. లోపలికి వెళ్ళి పైకి చూస్తే గుమ్మటం లోభాగంలో రాతి దూలాలు, వాసాలు వంపు తిరిగి నడినెత్తిన కలుస్తాయి. రాతి గుహకు వాసాలతో పని లేదు. కొండ తనంతట తానే నిలబడుతుంది. మరి శిల్పి వాటిని ఎందుకు చెక్కాడు? అతనికి తెలిసిన గుండ్రటి ఇల్లు కర్రలతో, ఆకుకప్పుతో కట్టినది కాబట్టి. ఆ కర్ర ఇల్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, దాని అస్థిపంజరం మాత్రం రాతిలో మిగిలింది. అమరావతి శిల్పఫలకాల్లో కనిపించే వంపు కప్పులు, కటకటాలు, ద్వారాలు కూడా ఇలాంటి సాక్ష్యాలే. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోకముందు, 1954-60 మధ్య నాగార్జునకొండ లోయలో జరిపిన తవ్వకాల్లో విహారాలతోపాటు నివాసగృహాల గోడల అడుగులు కూడా బయటపడ్డాయి. కాని తవ్వకంలో దొరికేది సాధారణంగా గోడ అడుగు మాత్రమే. కప్పు, చూరు, వసారా వంటివి ఊహించుకోవలసిందే. ఆ ఊహకు శిల్పం సాయపడుతుంది.

శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల తీరం వరకు నేటికీ అక్కడక్కడా కనిపించే చుట్టిల్లును ఈ వెలుగులో చూడాలి. గుండ్రటి మట్టిగోడ, పైన శంఖాకారంలో తాటాకు కప్పు ఉంటాయి. చూరు ఎంత కిందికి దిగుతుందంటే లోపలికి వెళ్ళాలంటే వంగి వెళ్ళాలి. దీన్ని పేదరికపు గుర్తుగా మాత్రమే చూసినవారు ఒక విషయం మరచిపోయారు. బంగాళాఖాతపు తుపాను గాలికి చదునైన గోడ అడ్డు తగిలితే ఆ ఒత్తిడంతా గోడ మీద పడుతుంది. గుండ్రటి గోడను గాలి చుట్టుకొని పోతుంది. కప్పు కిందకు గాలి చొరబడితే కప్పు లేచిపోతుంది. అందుకే చూరు దించారు. అయితే దీన్ని అతిగా పొగడటం కూడా సరికాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. గాలిని మళ్ళించగల ఇల్లు సముద్రపు నీటిని ఆపలేదు. ఆ తర్వాత తీరప్రాంతంలో కాంక్రీటు కప్పుల తుపాను షెల్టర్లు, పక్కా ఇళ్ళు కట్టించడం మొదలై తీరగ్రామాల రూపురేఖలు మారిపోయాయి.

అరుగు

ఇంటి బాహ్యభాగాల్లో అరుగుకు ఉన్నంత చరిత్ర మరి దేనికీ లేదు. రాయలసీమలో కొన్నిచోట్ల దీన్ని తిన్నె అంటారు. కంపెనీ కాలపు ఆంగ్ల దస్తావేజుల్లో ఇది 'పయాల్' అనే పేరుతో కనిపిస్తుంది. ఆ మాట పోర్చుగీసు భాష నుంచి వచ్చింది. ఇంగ్లండులో ఇలాంటి నిర్మాణం లేనందున వారి భాషలో దీనికి సరైన మాట లేక, తమకంటే ముందు ఈ తీరానికి వచ్చినవారి మాటను అరువు తెచ్చుకున్నారు.

అరుగు మొదట కూర్చోవడానికి కట్టినది కాదనిపిస్తుంది. మట్టిగోడకు ప్రధాన శత్రువు వాన. పైనుంచి పడే వాన కంటే చూరు నుంచి జారి నేలమీద పడి ఎగిరి గోడ అడుగును తడిపే నీరు ఎక్కువ ప్రమాదకరం. అడుగు నానితే గోడ మొత్తం కూలుతుంది. గోడ అడుగును ఆనుకొని మూడు నాలుగు అడుగుల వెడల్పున మట్టిదిమ్మ కట్టి, దాని మీదుగా చూరును ముందుకు లాగితే ఆ తుంపర గోడదాకా రాదు. దిమ్మ గోడకు ఆనుగా కూడా ఉంటుంది. ముందుకు వచ్చిన చూరు బరువు మోయడానికి స్తంభాలు అవసరమయ్యాయి. స్తంభాల అడుగు చెదలు పట్టకుండా రాతి దిమ్మెలు పెట్టారు. దిమ్మ, స్తంభం, చూరు మూడూ కలిశాక అక్కడ నీడ ఏర్పడింది. నీడ ఉన్నచోట మనిషి కూర్చుంటాడు. అలా గోడను కాపాడే నిర్మాణం వీధికి, ఇంటికి నడుమ ఒక సామాజిక స్థలంగా మారింది.

1520 ప్రాంతంలో విజయనగర రాజ్యాన్ని చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ అక్కడి ఒక పట్టణపు ఇళ్ళను వర్ణిస్తూ చదునైన కప్పులను, స్తంభాలతో లోపలా బయటా ఉన్న వసారాలను ప్రత్యేకంగా గమనించాడు. తమ దేశపు ఇళ్ళకంటే ఇవి భిన్నంగా ఉన్నాయని అతనికి తోచింది. బయటివాడి కంటికి మొదట కనిపించినది ఈ తెరిచిన ముంగిలే.

అరుగు మీద ఏమేమి జరిగేవి? పంచాయితీ, పురాణ కాలక్షేపం, పులిజూదం, బాటసారి పడక, అన్నిటికీ మించి బడి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మరుసటి సంవత్సరం బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదికలో, తెలుగు, కన్నడ పిల్లలు కలిసి చదివిన ఆ జిల్లాలో 533 పాఠశాలలు లెక్కకు వచ్చాయి. ఇలాంటి బళ్ళకు విడిగా భవనాలు ఉండటం అరుదు. పంతులు ఇంటి అరుగో, ఊరి పెద్ద ఇంటి అరుగో బడి. అరుగు ముందు పరిచిన ఇసుకే పలక. అందుకే ఆంగ్ల దస్తావేజులు వీటిని 'అరుగు బళ్ళు' అన్న అర్థంలో పేర్కొన్నాయి.

కాని ఆ బడిలో ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న అడగకపోతే అరుగు చరిత్ర సగమే అవుతుంది. అరుగు ఎత్తు రెండు అడుగులో మూడు అడుగులో ఉంటుంది. ఆ కొద్ది ఎత్తు గ్రామంలో కులాల మధ్య దూరాన్ని కొలిచే కర్రగా పనిచేసింది. సమాన కులస్థుడు అరుగెక్కి స్తంభానికి ఆనుకొని కూర్చుంటాడు. కొందరు అరుగు అంచున, కొందరు మెట్టు మీద. మాల, మాదిగలు వీధిలోనే నిలబడి మాట్లాడాలి. కూలిగింజలు వారి కొంగులో పైనుంచి పోసేవారు. అరుగు అందరిదీ అని, పూర్వం ఊరంతా ఒక కుటుంబంలా కలిసి కూర్చునేదని రాసే వ్యాసాలు మీకు చాలా కనిపిస్తాయి. ఆ వ్యాసాలు అరుగు మీద కూర్చున్నవారి జ్ఞాపకాలు. వీధిలో నిలబడినవారి జ్ఞాపకాలు వేరు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955లో దాని ఆచరణ నేరమని చట్టం వచ్చింది. అయినా చాలా ఊళ్ళలో అరుగు ఎక్కడమన్నది చట్టంతో తీరిన సమస్య కాదు.

కప్పు, నీరు, నేల

కప్పు వాలు చూసి ఆ ప్రాంతపు వర్షపాతాన్ని దాదాపుగా అంచనా వేయవచ్చు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. కోస్తాలో అనేకచోట్ల దాదాపు దానికి రెట్టింపు. అందుకే కోస్తాలో వాలు కప్పులు, సీమలో చదును మిద్దెలు ఎక్కువ.

రాయలసీమ మిద్దె నిర్మాణం ఇలా ఉంటుంది. మందమైన రాతిగోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు పరుస్తారు. ఆపైన సన్నకట్టెలో, రాతి సౌలభ్యం ఉన్నచోట బండలో వేస్తారు. దానిమీద ఆకు, బంకమట్టి పరిచి దిమ్మిసతో కొట్టి, చివర చౌడుమట్టి పొర పోస్తారు. చౌడు నేలలో పంట పండదు. పంటకు పనికిరాని అదే మట్టి తడవగానే ముద్దకట్టి నీటిని కిందికి దిగనీయదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి, పోయకపోతే మిద్దె కారుతుంది. మిద్దె అంచున పిట్టగోడ, అందులోంచి వీధివైపు పొడుచుకు వచ్చిన రాతి తూములు, కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షి, ఇవీ దీని బాహ్యలక్షణాలు. వీధివైపు కిటికీలు తక్కువగా ఉండటానికి ఎండ, వడగాలి ఒక కారణం. దొంగల భయం, ఫ్యాక్షన్ల భయం మరో కారణం. మిద్దెమీద వేరుశనగ ఎండుతుంది, వేసవిలో ఇంటిల్లిపాదీ నిద్రపోతుంది. సీమలో ఇంటి పైభాగం కూడా ఒక గదే.

తెలంగాణలో, ఉత్తరాంధ్రలో గూనపెంకు కప్పు విస్తారంగా ఉండేది. కుమ్మరి సారె మీద ఒకవైపు సన్నగా ఉండే గొట్టంలా మట్టిని తీసి, ఆరాక నిలువుగా రెండుగా చీల్చి కాల్చితే రెండు పెంకులు వస్తాయి. ఒక వరుస వెల్లకిలా, దానిమీది వరుస బోర్లా పరుస్తారు. పెంకును పెంకుతో కలిపే మేకు గాని, సున్నం గాని ఉండవు. కాబట్టి కోతులు దూకినా, పిల్లి పరుగెత్తినా పెంకులు జరుగుతాయి. ప్రతి వేసవి చివర పెంకు తిరగవేయించడం ఇంటిఖర్చులో భాగం. ఆ పనికి కుమ్మరికి ధాన్యంలో వాటా ఉండేది. అంటే కప్పు ఒకసారి కొని పెట్టుకునే వస్తువు కాదు, ఏటేటా కొనసాగే ఒక సంబంధం.

ఆ సంబంధాన్ని తెంచినది మంగుళూరు పెంకు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1865లో మంగుళూరులో పెంకుల కర్మాగారం స్థాపించింది. యంత్రంలో అచ్చువేసిన ఈ చదును పెంకుల అంచుల్లో గాడులు ఉంటాయి. ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి జరగవు. గూనపెంకు కప్పుకంటే ఈ కప్పు బరువు తక్కువ. కొన్ని దశాబ్దాల్లో ఇవి దక్షిణ భారతమంతటా వ్యాపించాయి. బ్రిటిష్ అధికారుల బంగళాల మీద ముందుగా కనిపించినందువల్ల మనవారు వీటిని బంగళా పెంకులు అన్నారు. దీనివల్ల కలిగిన మార్పు కప్పు రంగులో మాత్రమే కాదు. గూనపెంకు కింద వంకర కర్ర ఉన్నా సరిపోయేది. బంగళా పెంకుకు కొలత తప్పని రీపర్లు కావాలి, అంటే కోసిన కలప, రంపపు మిల్లు, లెక్క తెలిసిన వడ్రంగి కావాలి. ఊరి కుమ్మరికి ఏటా వచ్చే గింజలు ఆగిపోయాయి. డబ్బు ఊరు దాటి కర్మాగారానికి వెళ్ళింది. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు పెంకు వెనక్కి తిప్పి చూస్తే కర్మాగారం పేరు, ఊరి పేరు అచ్చై ఉంటాయి. స్థానిక చరిత్ర రాసేవారికి అది ఒక చిన్న శాసనంతో సమానం.

చూరు నీటి గురించి ఒక మాట. నా చూరు నీరు నీ స్థలంలో పడవచ్చా అన్నది పల్లెల్లో తరతరాల తగాదా. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద న్యాయస్థానాలకు ఎక్కే వివాదాల్లో ఇదీ ఒకటి. పక్కపక్క ఇళ్ళ నడుమ మనిషి పట్టీపట్టని సందు వదిలి ఉంటే, అది చాలావరకు ఈ నీటి కోసం వదిలినదే.

ఆనకట్ట తర్వాతి లోగిలి

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టాలో వరి విస్తరించింది, మిగులు ధాన్యం పట్టణాలకు, ఓడరేవులకు చేరింది. ఆ డబ్బు కనిపించే రూపం మండువా లోగిలి. ఈ తరహా ఇల్లు అంతకుముందు లేదని కాదు. నడుమ ఖాళీ ఉంచి నాలుగువైపులా గదులు కట్టే చతుశ్శాల పద్ధతి ప్రాచీనమైనది, తెలంగాణలో భవంతి అన్నదీ ఆ కుటుంబానిదే. కాని డెల్టా గ్రామాల్లో ఇవి పెద్ద సంఖ్యలో, పెద్ద పరిమాణంలో వెలిసింది ఆనకట్టల తర్వాత.

మండువాలో కప్పు నాలుగువైపుల నుంచి లోపలికి కూడా వాలుతుంది. ఆ నీరు నడిమి గుంటలో పడి తూము ద్వారా బయటికి పోతుంది. వీధివైపు మాత్రం పొడవాటి అరుగులు, వరుసగా స్తంభాలు, నడుమ మెట్లు, చెక్కడపు పని ఉన్న ద్వారబంధం కనిపిస్తాయి. ఇంటి సంపద అంతా ఆ ద్వారబంధం మీద పేర్చినట్టు ఉంటుంది. స్తంభాలకు, తలుపులకు బర్మా టేకు వాడామని చెప్పుకోవడం గొప్ప. రంగూను, మౌల్మీన్ రేవుల నుంచి ఆ కలప సముద్రం దాటి వచ్చేది. అదే సముద్రం మీదుగా కోస్తా పేదలు కూలికి బర్మా వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలు అని పిలిచారు. ఒక లోగిలి స్తంభం ముందు నిలబడినప్పుడు ఈ రెండు ప్రయాణాలనూ కలిపి గుర్తుంచుకోవడం మంచిది.

గోడలకు గానుగ సున్నం వాడారు. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక పోసి ఎద్దులతో రాతిచక్రం తిప్పించేవారు. పైపూతకు బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపేవారు. ఇలాంటి గోడ నీటిఆవిరిని లోపలికీ బయటికీ పోనిస్తుంది. ఈనాడు పాత సున్నపు గోడకు సిమెంటు పూత పూసి 'బాగు' చేస్తున్నారు. లోపలి తేమ బయటికి రాలేక కొద్ది సంవత్సరాల్లోనే పెచ్చులూడుతుంది. పూత పూసినవారు గోడ పాతదని నిందిస్తారు.

మూసిన ముఖం: గడీ, దేవిడీ

అన్ని ఇళ్ళూ వీధికి ముఖం చూపలేదు. హైదరాబాదు నగరంలో ప్రభువర్గాల దేవిడీలు ఎత్తైన గోడల వెనక ఉండేవి. బయటికి కనిపించేది కమాను ద్వారం, దానిపై కాపలా గది మాత్రమే. తెలంగాణ పల్లెల్లో దొరల గడీలు కోటను అనుకరించాయి. మూలల్లో బురుజులు, మేకులు దిగిన దర్వాజ, చుట్టూ రెండు మనుషుల ఎత్తు గోడ ఉండేవి. ఈ కట్టడాల పనిలో వెట్టిచాకిరీ పెద్ద భాగం. గడీ ముందునుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవలసి వచ్చిందని ఆ తరం వారు చెప్పిన జ్ఞాపకాలు చాలా నమోదయ్యాయి. ఇక్కడ గోడ పని వానను ఆపడం కాదు, చూసేవాడిని భయపెట్టడం. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు కుటుంబపు గడీ వైపు సాగిన ఊరేగింపుపై కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య మరణించాడు. తెలంగాణ సాయుధ పోరాటం ఆ గోడల ముందు మలుపు తిరిగింది. తర్వాతి కాలంలో చాలా గడీలను యజమానులు విడిచి నగరాలకు వెళ్ళారు. కొన్ని బడులయ్యాయి, కొన్ని కూలాయి.

నగరంలో మార్పు వేరే దారిన వచ్చింది. 1908 సెప్టెంబరు మూసీ వరదల తర్వాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు వాడలను తొలగించి వీధులు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టిలో ఒకే తీరు రాతి కమానులతో దుకాణాల వరుస కట్టించింది. ఇంటి ముఖం ఎలా ఉండాలో యజమాని కాక ఒక ప్రభుత్వ సంస్థ నిర్ణయించడం ఇక్కడ గమనించదగిన కొత్త విషయం.

సిమెంటు వచ్చాక

ఇటుక గోడకు, కాంక్రీటు కప్పుకు చూరు అవసరం లేదు. దాని స్థానంలో కిటికీల పైన అడుగున్నర, రెండడుగుల సన్‌షేడ్ మిగిలింది. చూరు పోగానే స్తంభం పోయింది, స్తంభం పోయాక నీడలేని అరుగు మీద ఎవరూ కూర్చోరు. అరుగు ఉన్నచోట ప్రహరీగోడ, ఇనుప గేటు వచ్చాయి. టీవీ వచ్చి అరుగులు ఖాళీ అయ్యాయని అంటారు గాని, అరుగును ముందుగా ఖాళీ చేసింది కప్పు. మిగిలినవాటిని రోడ్ల విస్తరణ తొలగించింది. ఇంటి స్థలంలో వీధిని ఆనుకొని ఉన్నది అరుగే కాబట్టి కొలత గీసినప్పుడల్లా మొదట పోయేది అదే.

ఈ మార్పును నష్టంగా మాత్రమే లెక్కించకూడదు. ఏటా వానకు ముందు తాటాకు కోసం అప్పుచేసిన కుటుంబానికి, నిప్పురవ్వకు వాడ మొత్తం కాలిపోవడం చూసినవారికి డాబా ఇల్లు అంటే భద్రత. అరుగు లేని వీధిలో అరుగు కింద నిలబడే అవమానమూ లేదు. మరోవైపు మే నెల మధ్యాహ్నం కాంక్రీటు కప్పు కింద కూర్చున్నవారికి పాత కప్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ మార్పు వేగాన్ని అంచనా వేయడానికి మంచి ఆధారం 1961 జనగణన. ఆ సందర్భంగా గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు అన్న వివరాలు సేకరించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన కొన్ని గ్రామాలపై వెలువరించిన ప్రత్యేక సర్వే గ్రంథాల్లో ఇళ్ళ రకాలను వర్ణించారు. మీ జిల్లా గ్రామం ఏదైనా వాటిలో ఉందేమో గ్రంథాలయంలో వెతకండి.

క్షేత్ర అభ్యాసం

మీ ఊళ్ళో యాభై ఏళ్ళు దాటిన ఇల్లు ఒకటి ఎంచుకోండి. సాధ్యమైతే మీ సొంత వీధి కాక మరో వాడలోని ఇల్లు ఎంచుకోండి. అరుగు ఎత్తు, వెడల్పు, చూరు ముందుకు వచ్చిన దూరం, గోడ మందం టేపుతో కొలిచి రాయండి. కప్పు పదార్థం ఎప్పుడెప్పుడు మారిందో, ఎందుకు మారిందో ఇంటివారిని అడగండి. పెంకుటిల్లయితే జారిపడిన పెంకు వెనక ఏముందో చూడండి. ఆ ఇంటి అరుగు మీద ఎవరెవరు కూర్చునేవారని ఆ ఇంటి వృద్ధులను అడగండి. అదే ప్రశ్నను ఆ ఇంట్లో పనిచేసిన కుటుంబపు వృద్ధులనూ అడగండి. రెండు సమాధానాలనూ పక్కపక్కన రాసి, తేడా ఉంటే దాన్ని సరిచేయకుండా ఉన్నది ఉన్నట్టే సమర్పించండి.